అంగన్‌వాడీలో పిల్లల్ని కొలిచినవాళ్లు ఆ ఫలితం తల్లికి చెప్పాలా, వద్దా?

దేవరకొండ టీచర్:
పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే బృందం మా సెంటర్‌కు వచ్చింది. ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత తీసుకున్నారు. రంగు బ్లాకులు ఇచ్చి ఆడించి ట్యాబ్‌లో మార్కులు వేసుకున్నారు. ఒక తల్లి "మా బాబు మంచిగనే ఉన్నడా సార్?" అని అడిగితే, "చెప్పడానికి మాకు పర్మిషన్ లేదమ్మా" అన్నారు. ఆమె టెన్షన్‌తో ఇప్పుడు రోజూ నన్ను అడుగుతోంది. చెప్పి తీరాలని నేనంటాను.

సర్వే అన్న:
టీచరమ్మా, నేను ఆ పనిలోనే ఉన్నాను. బ్లాకుల ఆటలో వచ్చే మార్కు వందల మంది సగటు చూడటానికి పనికొస్తుంది కానీ, ఒక్క పిల్లాడి మీద తీర్పు చెప్పడానికి కాదు. నిద్ర చాలని పిల్లాడు ఆ రోజు బ్లాకు ముట్టడు. "మీవాడు వెనకబడ్డాడు" అంటే అత్తగారింట్లో మాట పడేది ఆ తల్లే.

మర్రిగూడ:
ఆట సంగతి ఒప్పుకుంటా. మరి జబ్బ టేపు? ఆర్నెల్లు దాటిన ఐదేళ్లలోపు బిడ్డకు 11.5 సెం.మీ. కన్నా తక్కువొస్తే తీవ్రమైన పోషకాహార లోపం. టేపు మీదే ఎర్ర రంగు కనిపిస్తుంది. అది చూసి కూడా ట్యాబ్ మూసుకుని పోతారా? ఫ్లోరైడ్ మీద పరిశోధనంటూ వచ్చినవాళ్లు మా తాత మోకాళ్లకు ఎక్స్‌రే తీసుకున్నారు. ఆ రిపోర్టు మా గడప తొక్కనే లేదు. అందుకే ఇంత కోపం.

పాలమూరు కోడలు:
అసలు ఒప్పుకున్నదెవరు? మా దిక్కు తల్లిదండ్రులు ముంబై, పుణె పనులకు పోతే రెండేళ్ల పిల్లాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. ఫారం మీద వేలిముద్ర ఆమెది. చదువు రానివాళ్ల దగ్గర సమ్మతి తీసుకుంటే, ఏ పక్షానికీ చెందని సాక్షి ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. మా ఊళ్లో సాక్షిగా అంగన్‌వాడీ టీచర్‌తోనే సంతకం పెట్టించారు. పిల్లాడి పోషకాహారం, అదే బాలామృతం ప్యాకెట్, ఇచ్చే మనిషి పక్కన నిలబడితే ఆ ముసలామె వద్దనగలదా? వద్దన్నా ప్యాకెట్ ఆగదని ఆమెకు ముందే చెప్పాలి.

సర్వే అన్న:
అక్కా, ఆ మాట నిజం. సాక్షి బయటి మనిషే ఉండాలి. పిల్లలు ఎలా ఎదుగుతున్నారో ఏళ్ల తరబడి చూసే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి మహబూబ్‌నగర్ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో సుమారు 3,000 మంది పిల్లల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. ఇంటివాళ్లకు నమ్మకం లేకపోతే అంతకాలం తలుపు తియ్యరు. బరువు, జబ్బ కొలత అప్పటికప్పుడే చెప్పాలి. ఆట మార్కు మాత్రం చెప్పొద్దు.

దేవరకొండ టీచర్:
అయితే ఆ కొలతలు నాకూ ఇవ్వండి. పిల్లాణ్ని పీహెచ్‌సీకి తీసుకుపొమ్మని వెంటపడేది నేనే కదా.

పాలమూరు కోడలు:
టీచరమ్మా, ముందు కొలతలు రాసిన చీటీ తల్లి చేతికి. ఆమె ఊళ్లో లేకపోతే ఫోన్ చేసి చెప్పాలి. మీకు చూపించాలో లేదో ఆమె ఇష్టం.