జూన్‌లో వెనిస్: ఉంచాలా, ఎత్తేయాలా?

పదిరోజులసెలవు:
అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో పది రోజులు ఇటలీ. రోమ్ నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్ మూడు, చివర్లో వెనిస్ రెండు అనుకున్నాం. మేమిద్దరం, అత్తయ్యగారు, మామయ్యగారు. వెనిస్‌కి పడేది శుక్ర, శనివారాలు. ఎక్కడ చదివినా తొక్కిసలాట, ఎంట్రీ ఫీజు, టూరిస్టులు వద్దంటూ ఊరివాళ్ల బ్యానర్లు. వెనిస్ ఎత్తేసి ఆ రెండు రోజులూ ఫ్లోరెన్స్‌కి కలిపేయమంటున్నారు మావారు. ఫ్లైట్లు ఇంకా బుక్ చేయలేదు. ఏమంటారు?

నడకరి:
ఉంచండి. ఒక్కటే షరతు, రెండు రాత్రులూ దీవిలోనే ఉండాలి. వెనిస్ రద్దీకి ఒక టైముంది, ఒక దారుంది. టైము ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు. దారి ఏమిటంటే శాంటా లుచియా స్టేషన్ దిగి, స్ట్రాడా నోవా మీదుగా రియాల్టో వంతెన, అక్కణ్ణుంచి మెర్చెరియె సందుల్లో శాన్ మార్కో స్క్వేర్. గోడల మీద ‘పెర్ రియాల్టో’, ‘పెర్ శాన్ మార్కో’ అని పసుపు బోర్డులుంటాయి. జనమంతా వాటిని పట్టుకునే పోతారు. రెండు సందులు పక్కకి తప్పుకుని కన్నరేజో పేటలో ఓర్మెసీని కాలవగట్టుకో, కాస్తెల్లో పేట చివర సాంతెలేన తోట వైపుకో వెళ్లండి. మిట్టమధ్యాహ్నం కూడా తాళ్ల మీద ఆరేసిన దుప్పట్లు, చక్రాల సంచీ లాక్కుంటూ కూరగాయలకి పోయే ముసలమ్మలు కనిపిస్తారు. శాన్ మార్కోకి ఉదయం ఏడింటికి వెళ్లాలి. పగటిపూట వచ్చి పోయేవాళ్లకి ఇవేవీ దొరకవు.

ఇక ఫీజు. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు, ఆ ఏడాది 29 రోజులు. 2025లో 54. జూన్‌లో ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాలు. ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 వరకే. నాలుగు రోజుల ముందు కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. లోపల హోటల్లో ఉంటే లేదు.

ఆవకాయజాడీ:
జూన్‌లో ఊరు మునుగుతుందా?

నడకరి:
లేదండీ. పెద్ద పోటు సాధారణంగా అక్టోబర్ నుంచి జనవరి మధ్య. 2020 అక్టోబర్ నుంచి సముద్రం వైపు మోసె గేట్లు లేపుతున్నారు, అది కూడా తగ్గింది.

బస్సుకిటికీ:
నలుగురికి దీవిలో రెండు గదులు, రెండు రాత్రులు, అదీ శుక్ర, శనివారాలు! సలహాకి ఖర్చుండదు కదా. దీవికి ఇవతల, నేల మీదున్న మెస్త్రెలో ఉండండి. స్టేషన్ ఎదురుగానే హోటళ్లు, రైల్లో శాంటా లుచియాకి పది నిమిషాలు. గది చాలా చౌక. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేయొచ్చు. వపొరెత్తో, అదే నీటి బస్సు, టికెట్టు 9.50, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాస్ 25. మూడుసార్లు ఎక్కితే పాస్ గిట్టుతుంది. పియత్సాలె రోమాలో 1వ నంబరు ఎక్కి ముందువైపు బయటి సీట్లు పట్టుకోండి. గ్రాండ్ కెనాల్ మొత్తం ముప్పావుగంటలో కళ్ల ముందు నుంచి పోతుంది. గొండోలాకి పగలు అరగంటకి 90 యూరోలు. అది పడవకి, మనిషికి కాదు. ఐదుగురిదాకా ఎక్కొచ్చు కాబట్టి మీ నలుగురికీ ఒక్కటి చాలు.

అన్నట్టు నడకరి గారూ, ‘లోపల హోటల్లో ఉంటే’ అన్నారు. మెస్త్రెలో ఉన్నా ఫీజు లేదు. మెస్త్రె కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే, అక్కడా సిటీ ట్యాక్స్ కడతారు. జనాన్ని తప్పుదారి పట్టించకండి.

నడకరి:
మెస్త్రెవాళ్లు కట్టాలని నేనెక్కడ రాశాను?

బస్సుకిటికీ:
‘లోపల’ అంటే దీవి అనేగా ఎవరైనా అనుకునేది.

చివరిబెర్తు:
పాదువాలో ఉంటే?

బస్సుకిటికీ:
కట్టాలి. పాదువా వేరే మున్సిపాలిటీ. వెనెతో ప్రాంతంలో కాపురం ఉన్నవాళ్లకి మినహాయింపు గానీ అక్కడ బస చేసే టూరిస్టులకి లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి లేదు. సాయంత్రం నాలుగు దాటాక వచ్చేవాళ్లకీ లేదు.

నడకరి:
అసలు సంగతి వదిలేశారు. మెస్త్రె అయినా దీవి అయినా మినహాయింపు దానంతటది రాదు. ఆన్‌లైన్లో హోటల్ పేరు, తేదీలు పెట్టి నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. హోటల్ రసీదు ఉందిగా అని ఊరుకుంటారు చాలామంది. స్టేషన్ బయట జాకెట్లు వేసుకున్నవాళ్లు అడిగేది ఆ కోడ్. లేకుండా దొరికితే జరిమానా 50 నుంచి 300 యూరోలు.

బస్సుకిటికీ:
ఇంతకీ ఆ ఫీజు వల్ల రద్దీ తగ్గిందా? అది చెప్పండి.

నడకరి:
పగటి సందర్శకుల మీద పెట్టడం న్యాయమే. వాళ్లు ఊరికి ఇచ్చేది ఒక పిజ్జా ముక్క డబ్బులు, వదిలి పోయేది చెత్త.

బస్సుకిటికీ:
నేనడిగింది న్యాయం గురించి కాదు, తగ్గిందా అని. తగ్గదు. ఎందుకంటే దానికి కోటా లేదు. ఎంతమంది కడితే అంతమందీ లోపలికే. మన తిరుమలలో 300 రూపాయల దర్శనానికి స్లాటుంది, కోటా ఉంది. అయిపోతే డబ్బున్నా దొరకదు. పాదువాలో జొత్తో అనే పాతకాలపు చిత్రకారుడు గోడల మీద బొమ్మలు గీసిన స్క్రొవేన్యి చాపెల్ చూడండి. ఒక విడతకి 25 మంది. ముందు గాజు గదిలో పావుగంట కూర్చోబెట్టి లోపలి గాలి తేమ సరిచేస్తారు, తర్వాత పావుగంట లోపల. అదీ నియంత్రణంటే. వెనిస్‌ది టోల్ గేటు. మొదటి ఏడాది దాదాపు 24 లక్షల యూరోలు వచ్చాయి, జనం మాత్రం వచ్చినట్టే వచ్చారు.

నడకరి:
ఊరికి కోటా పెడతారా? అది చాపెల్ కాదు, మనుషులు బతికే ఊరు. ఆఫీసుకి పోయేవాడూ ఆ సందులోంచే పోవాలి. పెట్టగలిగింది పెడుతున్నారు. 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన క్రూజ్ ఓడల్ని జుదెక్కా కాలవలోకి రానివ్వడం లేదు. 2024 ఆగస్టు నుంచి గ్రూపులో 25 మందే ఉండాలి, మైకులు బంద్. ఇవన్నీ ఎవరి కోసం పెట్టారనుకుంటున్నారు? బస్సులో త్రొంకెత్తో పార్కింగ్ దాకా వచ్చి, లాంచీలో శాన్ మార్కో దగ్గర దిగి, జెండా పట్టుకున్న గైడు వెనకాల నాలుగు గంటలు తిరిగి, సెల్ఫీ దిగి ‘వెనిస్ చూసేశాం’ అనే ప్యాకేజీ బ్యాచ్ కోసం. వాళ్లు రాకపోతే ఊరు బాగుపడుతుంది.

బస్సుకిటికీ:
ఇదిగో, ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ క్యూఆర్ కోడ్ అనీ పసుపు బోర్డులనీ చెప్పినదంతా ఇందుకన్నమాట.

సార్, ఏలూరులోనో కరీంనగర్‌లోనో రిటైరైన టీచరు దంపతులు జీవితంలో ఒక్కసారి దేశం దాటేది ఆ ప్యాకేజీలోనే. వాళ్లకి మల్టీ సిటీ టికెట్లూ, ఇటాలియన్ రైలు యాప్‌లూ తెలియవు. పూటకి పప్పన్నం పెట్టే టూరు చూసుకుని వెళ్తారు. నేనెవరి గురించి మాట్లాడుతున్నానో నాకు తెలుసు. వాళ్ల నాలుగు గంటలు చెత్త, మీ రెండు రాత్రులు సంస్కారమా? డబ్బున్నవాడు ఉండొచ్చు, లేనివాడు రాకూడదు. మీరు చెప్పేది అదే.

ఇంకొకటి. మీరు మెచ్చుకునే ఆ దుప్పట్లు ఆరేసిన సందులో మీరు దిగే అపార్ట్‌మెంటు ఒకప్పుడు ఎవరిదో ఇల్లు. రియాల్టో దగ్గర కాంపో శాన్ బర్తొలోమియోలో మందుల షాపు కిటికీలో ఒక అంకెల బోర్డుంది, పాత ఊళ్లో మిగిలిన జనాభా చూపిస్తుంది. 1951లో 1,75,000 దాకా ఉన్నవాళ్లు 2022కి 50,000 లోపుకి పడిపోయారు. 2023కల్లా టూరిస్టుల మంచాలు ఊరివాళ్ల తలలకంటే ఎక్కువయ్యాయి. ఆ మంచాల మీద పడుకునేది ప్యాకేజీవాళ్లు కాదు. వాళ్లు రాత్రికి మెస్త్రెకి పోతారు.

ఆవకాయజాడీ:
🍿

నడకరి:
అపార్ట్‌మెంటులో దిగమని నేననలేదు, హోటల్ అన్నాను. లైసెన్సున్న హోటల్‌కీ అద్దె ఫ్లాటుకీ తేడా తెలియకుండా మాట్లాడుతున్నారు. ‘చెత్త’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది కాదు. నాలుగు గంటల్లో ఆ ఊరు కనబడదు, కనబడేది వాళ్ల గ్రూపే. ఇది డబ్బు సంగతి కాదు. రోమ్‌లో ఒక రాత్రి తగ్గించుకుంటే ఆ డబ్బు వెనిస్‌కి సరిపోతుంది.

బస్సుకిటికీ:
సరిపోదు. రేట్లు చూసి రాయండి.

తెనాలిబండి:
ఇద్దరూ కాస్త ఆగండి. ఆవిడ ఫ్లైట్లు బుక్ చేయలేదని మొదటి పోస్టులోనే చెప్పారు. శుక్ర, శనివారాలు ఎందుకు మొయ్యాలి? ట్రిప్పు తిరగేస్తే సరి. మల్టీ సిటీ టికెట్టు తీసుకుని వెనిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కండి. సోమవారం వెనిస్‌లో దిగితే సోమ, మంగళ రాత్రులు అక్కడే. ఫీజు లేదు, కోడ్ లేదు, వారాంతపు ఇటాలియన్ల రద్దీ లేదు, గది రేటూ దిగుతుంది. శాన్ మార్కోలోని డోజె ప్యాలెస్‌కి సోమవారం సెలవు లేదు. బుధవారం ఫాస్ట్ రైల్లో ఫ్లోరెన్స్‌కి రెండు గంటల పైచిలుకు. బుధ, గురు, శుక్ర రాత్రులు అక్కడ. అక్కడి ఉఫీజి మ్యూజియానికి సెలవు సోమవారం కాబట్టి మీకు అడ్డురాదు. శనివారం నుంచి నాలుగు రాత్రులు రోమ్. ఒక్కటే గుర్తుంచుకోండి, వాటికన్ మ్యూజియాలు ఆదివారం మూత, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. వాటికి సోమవారమో మంగళవారమో టికెట్టు ముందే తీసుకోండి.

పదిరోజులసెలవు:
అమ్మయ్య. ఇది మావారికీ నచ్చింది, వెనిస్ ఉంచేస్తున్నాం. ఒకటే బెంగ. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. మెట్లు ఎక్కగలరు కానీ ఎక్కువ కాదు. ఊరంతా వంతెనలేనట కదా?

నడకరి:
నాలుగొందల పైనే ఉన్నాయండీ, దాదాపు అన్నిటికీ మెట్లే. హోటల్‌కి రాసేటప్పుడు ‘దగ్గరా’ అని అడగొద్దు, దగ్గరే అంటారు. ‘పడవ స్టాప్ నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు? లిఫ్ట్ ఉందా?’ అని అడగండి. ఎయిర్‌పోర్టు బస్సు పియత్సాలె రోమాలో దింపుతుంది. అక్కణ్ణుంచి స్టేషన్‌కి పోయే పెద్ద కొత్త వంతెన జోలికి పోకండి, అందులో మెట్లు చాలా ఉన్నాయి. నేరుగా పడవెక్కండి. శాన్ మార్కోకి వెళ్లేటప్పుడు శాన్ జక్కరియా స్టాప్‌లో దిగితే మధ్యలో ఒక వంతెన ఎక్కాలి, నిట్టూర్పుల వంతెన ఫొటోల కోసం జనం ఆగిపోయేది సరిగ్గా దాని మీదే. 1వ నంబరులో శాన్ మార్కో వల్లారెస్సో స్టాప్ దాకా వచ్చి, ఎదురుగా ఉన్న సందులోంచి వెళ్లి కుడివైపు తిరగండి. స్క్వేర్ దాకా ఒక్క మెట్టు వంతెన కూడా లేదు. అక్కడి బసీలికా చర్చికి పెద్ద బ్యాగులు తీసుకెళ్లకండి, భుజాలు కప్పుకోవాలి. రియాల్టో వంతెన స్టాప్ దగ్గర గట్టు మీంచే బాగా కనిపిస్తుంది, ఎక్కక్కర్లేదు.

పదిరోజులసెలవు:
చాలా థాంక్సండీ. మరి అలా పడవ స్టాప్ దగ్గరే, మధ్యలో వంతెనల్లేని హోటళ్లు రెండు రాత్రులకి అందుబాటులో ఉంటాయా?

బస్సుకిటికీ:
మెస్త్రె స్టేషన్ నుంచి హోటల్ దాకా వంతెనలు సున్నా. లిఫ్ట్ ఉంటుంది.