అప్‌డేట్: సన్‌స్క్రీన్ పూసినా అమ్మకి మంగు పెరుగుతా ఉందని అడిగినాను కదా

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే మా అమ్మ, ఎస్‌పీఎఫ్ 50 రాసుకున్నా బుగ్గల మీద మంగు ముదురుతా ఉంది, కళ్లు మండతా ఉన్నాయి అని పోయిన నెల అడిగినాను. ఒకన్న ట్యూబ్ వెనకాల చదవమన్నాడు, చూస్తే అవోబెంజోన్, ఆక్టినాక్సేట్ అని ఎండని ఆపే రసాయనాలు రెండూ ఉన్నాయి. స్కిన్ డాక్టరమ్మకి చూపిస్తే, అవోబెంజోన్ యూవీఏని, అంటే ఎండలో చర్మం లోపలికంటా పోయే కిరణాల్ని, బాగానే ఆపుతాది కానీ ఎండ తగిలేకొద్దీ అదే విరిగిపోతాది, ఆక్టినాక్సేట్ పక్కనుంటే ఇంకా తొందరగా, ఆక్టోక్రిలీన్ లాంటి ఇంకో రసాయనం తోడుంటేనే నిలబడతాదని చెప్పింది. ఎస్‌పీఎఫ్ నంబరు ముఖ్యంగా యూవీబీ, అంటే చర్మాన్ని కాల్చే కిరణాల లెక్కంట, యూవీఏకి ట్యూబ్ మీద పీఏ అనే గుర్తు పక్కన ప్లస్‌లు చూడాలంట. రెండేళ్లు ఆ నంబరొకటే చూసి కొన్నాను, తల్చుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు జింక్ ఆక్సైడ్‌ది వాడతా ఉంది, అది యూవీఏ, యూవీబీ రెండిటినీ ఆపుతాది, కళ్ల మంట పోయింది. మొదట తెచ్చింది పిండి పూసినట్టు తెల్లగా కనపడతా ఉందని అమ్మ పూసుకోనే లేదు, అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగుది తెచ్చినాను, మంగుని పెంచే మామూలు వెలుతురుని కూడా అది కొంత ఆపుతాదంట. చెమటకి కారిపోతాది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాయాల, బేరాల మధ్యలో అదే కష్టం, నేనే ఫోన్ చేసి గుర్తు చేస్తా ఉన్నా. పాత మచ్చలు ఇంకా అట్నే ఉన్నాయి, కొత్తవి మాత్రం రాలేదు. ట్యూబ్ చదవమన్న అన్నకి చాలా థ్యాంక్స్.