అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఊపిరి పొట్టతోనా, ఛాతీతోనా?

కొండనడక, తిరుపతి
మొన్న కాలినడకన కొండెక్కుతుంటే మా గుంపులో పెద్ద వాదన. గాలిగోపురం చేరేలోపే అందరికీ ఆయాసం. యోగా క్లాసుకు వెళ్లే మా బావ మాత్రం "ఛాతీ కదలకూడదు, గాలిని పొట్టలోకి నింపాలి, అప్పుడు ఆయాసమే రాదు" అంటాడు. గాలి పొట్టలోకి ఎట్లా పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సైన్సు అయ్యవారు, చిత్తూరు
పోదు. ఊపిరితిత్తులు వాటంతట అవి గాలిని లాగలేవు. ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా వంగి ఉండే కండరం డయాఫ్రం, మన పాఠాల్లో ఉదరవితానం. అది బిగుసుకుంటే చదునై కిందికి దిగుతుంది. ఛాతీలో చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లు దిగితే చాలు, అర లీటరు గాలి అందుతుంది. గట్టిగా పీలిస్తే 10 సెంటీమీటర్ల దాకా దిగొచ్చు. మరి కిందనున్న కాలేయం, పేగులు ఎటు పోవాలి? ముందుకు తోసుకొస్తాయి. మీ బావకు గాలిలా కనిపించేది అదే.

యోగా బావ
సరే సార్, గాలి పోదు. కానీ నిలబడి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల కింది భాగానికే కదా రక్తం ఎక్కువ వెళ్లేది? పైపైన పీలిస్తే గాలి అక్కడిదాకా సరిగ్గా చేరదు. పొట్ట కదలాలనడంలో తప్పేముంది?

పాడి రైతు, పలమనేరు
ఆవుకు కడుపుబ్బరం వచ్చినప్పుడు చూడండి, అన్నీ అర్థమవుతాయి. లేత లూసర్న్ అతిగా మేస్తే ఎడమ డొక్క ఉబ్బి, వేలితో కొడితే టంగుమంటుంది. ఆవు మెడ చాచి, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. ఊపిరితిత్తులకు ఏ జబ్బూ ఉండదు. ఉబ్బిన కడుపు డయాఫ్రంను ఛాతీలోకి నెట్టేస్తుంది, ఇక అది కదల్లేదు. ఆలస్యమైతే ఆవు దక్కదు. మరీ ముదిరితే డాక్టరు ఆ డొక్కలోనే గుచ్చి గ్యాస్ తీసేస్తాడు. అలిపిరిలో పొంగలి పీకలదాకా లాగించి, బెల్టు బిగించి ఎక్కేవాళ్లను చూస్తే నాకు మా ఆవే గుర్తొస్తుంది.

సైన్సు అయ్యవారు, చిత్తూరు
రెడ్డీ, బాగా చెప్పినావు. బావగారూ, కూర్చుని చేసే ప్రాణాయామానికి మీ మాట సరిపోతుంది. మూడున్నర వేల మెట్లకు డయాఫ్రం ఒక్కటే చాలదు. పక్కటెముకల మధ్య కండరాలు ఛాతీని పైకీ పక్కలకూ లేపాలి, మెడ కండరాలూ సాయం పట్టాలి. మామూలప్పుడు ఊపిరి వదలడానికి శ్రమ అక్కర్లేదు, ఊపిరితిత్తులు సాగిన రబ్బరు వెనక్కొచ్చినట్టు వాటికవే ముడుచుకుంటాయి. మెట్ల మీద మాత్రం పొట్ట కండరాలు బిగించి మరీ బయటికి నెట్టాలి. ఛాతీ కదలనివ్వకపోతే ఆయాసం పెరుగుతుందే గానీ తగ్గదు.

యోగా బావ
ఛాతీ లేస్తే లేవనీయండి. భుజాలు చెవులదాకా లేపి రొప్పడం మాత్రం నేను ఒప్పుకోను.

కొండనడక, తిరుపతి
మోకాళ్ల పర్వతం దగ్గర నీ భుజాలు చూసినాంలే బావా.