మెదడు రిసెప్టర్ పటాల్లో రంగు నిజానికి దేనికి కొలత?

ప్రశ్న – ఎం.ఫార్మసీ విద్యార్థిని

నమస్కారం. సెమినార్ కోసం డోపమైన్ డి2 రిసెప్టర్లు (నాడీకణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్లు) మనిషి మెదడులో ఎక్కడ ఎంత సాంద్రతతో ఉన్నాయో చూపే మూడు పటాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి మరణానంతరం సేకరించిన మెదడు ముక్కల మీద రేడియోధార్మిక లైగండ్‌తో (రిసెప్టర్‌కు అతుక్కునే పదార్థంతో) తీసినది, రెండోది బతికున్నవారి మెదడులో అలాంటి లైగండ్ ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్‌తో తీసినది, మూడోది అమెరికాలోని అలెన్ సంస్థవారి జన్యు వ్యక్తీకరణ పటం (ఏ జన్యువు ఎక్కడ ఎంత చురుగ్గా ఉందో చూపేది). మూడింటిలోనూ స్ట్రయేటమ్ (మెదడు లోతున ఉండే ఒక భాగం) ఎర్రగానే ఉంది గాని, వల్కలం (మెదడు పై పొర) దగ్గరికి వచ్చేసరికి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పెట్ పటంలో వల్కలం దాదాపు ఖాళీగా కనిపిస్తుంటే, మిగతా రెండింటిలో కొద్దోగొప్పో ఉన్నట్టే ఉంది. సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ (విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి తీసుకునే ప్రోటీన్) విషయం ఇంకా విచిత్రం: జన్యు పటంలో మెదడుకాండంలోని రాఫే కేంద్రకాల దగ్గర తప్ప మరెక్కడా చెప్పుకోదగ్గ రంగు లేదు, పెట్ పటంలో మాత్రం స్ట్రయేటమ్, థాలమస్ కూడా వెలుగుతున్నాయి. మా గైడ్ గారు "ఏదో ఒకటి తీసుకుని రాసెయ్యమ్మా" అన్నారు. అయితే ఏది సరైనదో తెలియకుండా ఎలా రాయాలి? అసలు ఈ రంగులు దేన్ని కొలుస్తున్నాయో ఎవరైనా వివరించగలరా?

జవాబు – ఆటోరేడియోగ్రఫీ ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసినవాడిని

మూడూ సరైనవేనమ్మా, కాకపోతే మూడూ ఒకే వస్తువును కొలవడం లేదు. నాకు తెలిసిన మొదటి పద్ధతి గురించి, అంటే ఆటోరేడియోగ్రఫీ గురించి చెబుతాను.

1973లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కాండేస్ పెర్ట్, సాల్మన్ స్నైడర్ ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన నాలోక్సోన్ అనే మందును వాడి, నల్లమందు జాతి మందులు అతుక్కునే రిసెప్టర్ ఉందని చూపించారు. అదే ఏడాది కోతి, మనిషి మెదళ్లలో అది ఏ ప్రాంతంలో ఎంత ఉందో కూడా లెక్కకట్టారు గాని, అప్పటికి ఆ లెక్క ప్రతి ప్రాంతాన్నీ విడిగా కోసి, మెత్తగా నూరి, ఆ ద్రవంలో ఎంత రేడియోధార్మికత మిగిలిందో చూడటమే. నూరిన పచ్చడిలో ఏ మిరపకాయ ఏ మూల ఉండేదో తెలియదు కదా. మెదడును నూరకుండా పలుచటి ముక్కగా కోసి, దాని మీదే లైగండ్‌ను అంటించి, ఫిల్ము మీద నీడగా పట్టే పద్ధతిని 1970ల చివర్లో మైకేల్ కూహర్ బృందం స్థిరపరిచాకే అసలైన పటాలు వచ్చాయి.

పని ఇలా ఉంటుంది. గడ్డకట్టించిన మెదడును సున్నాకు దిగువన 20 డిగ్రీల దగ్గర ఉండే క్రయోస్టాట్ అనే కోత యంత్రంలో సుమారు 20 మైక్రోమీటర్ల మందాన కోసి, జెలటిన్ పూసిన గాజు పలక మీదికి ఎక్కిస్తాం. ఒక ముక్కను ట్రిటియం లైగండ్‌లో నానబెడతాం. దాని పక్క ముక్కను అదే లైగండ్‌తో పాటు రేడియోధార్మికత లేని మందును చాలా ఎక్కువ మోతాదులో కలిపిన ద్రావణంలో నానబెడతాం. రెండో ముక్కలో మిగిలిన మరక రిసెప్టర్‌ది కాదు, ఊరికే అంటుకున్నది. దాన్ని మొదటిదానిలోంచి తీసివేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ట్రిటియం విడుదల చేసే బీటా కణాలు ఎంత బలహీనమైనవంటే కణజాలంలో కొన్ని మైక్రోమీటర్లకు మించి పోలేవు. అందువల్లే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది, అందువల్లే ఫిల్మును చీకట్లో వారాలు, ఒక్కోసారి నెలలు ముక్కలకు ఆనించి ఉంచాల్సి వస్తుంది. పైగా ఆ ఫిల్ము మీద గీతలు పడకుండా కాపాడే పూత ఉండదు, పూత ఉంటే ఆ కణాలు దాన్ని దాటి రాలేవు. పది వారాలు ఎదురుచూసి తీసిన ఒక ఫిల్ములో వల్కలం మధ్య పొరలో సన్నటి నల్లటి పట్టీ కనిపిస్తే కొత్త విషయం దొరికిందని మా గది అంతా సంబరపడ్డాం. అది క్యాసెట్ మూసేటప్పుడు నా గోరు తగిలిన గీత అని మర్నాడు తేలింది.

జాగ్రత్తగా చేస్తే దీనికి సాటి లేదు. వల్కలంలోని ఆరు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. జర్మనీలోని యూలిష్‌లో కార్ల్ జిల్లెస్ బృందం మనిషి మెదడు అర్ధగోళం మొత్తాన్నీ ఇలా కోసి, ఎన్నో రిసెప్టర్లను పక్కపక్క ముక్కల్లో కొలిచి, ప్రతి ప్రాంతానికీ ఒక వేలిముద్ర లాంటిది గీసింది. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం అతుక్కునే మస్కరినిక్ ఎం2 రిసెప్టర్ ప్రాథమిక దృష్టి ప్రాంతంలో ఎక్కువగా ఉండి, దాని సరిహద్దు దగ్గర టక్కున తగ్గిపోవడం ఆ చిత్రాల్లో కంటికే తెలుస్తుంది. ఫలితాన్ని ఒక మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఇన్ని ఫెమ్టోమోల్‌లని రాస్తాం. ఒక ఫెమ్టోమోల్ అంటే సుమారు 60 కోట్ల అణువులు. లోపం ఎక్కడంటే, ఇది కొద్దిమంది చనిపోయినవారి మెదళ్ల నుంచి వచ్చిన లెక్క. ఇంకొకటి, కొవ్వు ఎక్కువగా ఉండే తెల్ల పదార్థం ట్రిటియం కణాలను ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి, సవరణ చెయ్యకపోతే అక్కడ ఉన్నదాని కంటే తక్కువ కనిపిస్తుంది.

జవాబు – అణు వైద్య విభాగంలో ఉద్యోగిని

పై జవాబుకు కొనసాగింపుగా పెట్ గురించి. 1983లో అణు వైద్య నిపుణుడు హెన్రీ వాగ్నర్ తన మెదడునే పరీక్షకు ఇచ్చి, రేడియోధార్మికమైన కార్బన్-11 తగిలించిన మిథైల్ స్పిపెరోన్ అనే లైగండ్‌తో బతికున్న మనిషిలో డోపమైన్ రిసెప్టర్లను మొదటిసారి చిత్రించారు. కార్బన్-11 అర్ధాయువు 20 నిమిషాల పైచిలుకే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం నుంచి వచ్చాక లైగండ్ తయారీకి, శుద్ధికి, పరీక్షకు ముప్పావుగంట పడితే, మొదలుపెట్టినదానిలో నాలుగో వంతు కూడా మిగలదు. ఒకసారి మేము ఉన్న భవనంలో లిఫ్టు ఆగిపోయి, సీసం డబ్బాను మెట్ల మీదుగా మోసుకొచ్చేసరికి మోతాదు చాలక, అప్పటికే పడుకోబెట్టిన వ్యక్తికి క్షమాపణ చెప్పి ఇంటికి పంపించాం.

మీ పటంలో వల్కలం ఖాళీగా కనిపించడానికి కారణం బహుశా లైగండే. బొమ్మ కింద రాక్లోప్రైడ్ అని ఉందేమో చూడండి. దాని పట్టు ఒక మోస్తరుది కాబట్టి డి2 దట్టంగా ఉన్న స్ట్రయేటమ్‌లో చక్కగా పనిచేస్తుంది, పలుచగా ఉన్న వల్కలంలో మాత్రం దాని సంకేతం నేపథ్యపు రొదలో కలిసిపోతుంది. వల్కలం చూడాలంటే ఎఫ్ఎల్‌బీ 457 లాంటి గట్టి పట్టున్న లైగండ్ కావాలి. అది స్ట్రయేటమ్‌లో స్కాన్ సమయం ముగిసేలోపు సమతాస్థితికి రాదు కాబట్టి అక్కడ దాని లెక్క నమ్మలేం. అంటే ఒకే రిసెప్టర్‌కు మెదడంతా ఒకే లైగండ్‌తో నమ్మదగిన పటం గీయడం కష్టం. పైగా పెట్ యంత్రానికి నాలుగైదు మిల్లీమీటర్ల కంటే చిన్నది విడిగా కనిపించదు, వల్కలం మందమేమో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే, ఇక పొరల మాట ఎక్కడిది?

మరొక ముఖ్యమైన సంగతి. పెట్ చూపేది రిసెప్టర్ల మొత్తం సంఖ్యను కాదు, బైండింగ్ పొటెన్షియల్‌ను. అందులో సంఖ్యతో పాటు పట్టు బలం కూడా కలిసి ఉంటుంది, దాన్ని డి2 దాదాపు లేని చిన్నమెదడుతో పోల్చి లెక్కిస్తారు. రాక్లోప్రైడ్ విషయంలో ఖాళీగా ఉన్న రిసెప్టర్లే లెక్కకు వస్తాయి. పల్లెవెలుగు బస్సులో తువ్వాళ్లు వేసి పట్టుకున్న సీట్లు పోను మిగిలినవి లెక్కపెట్టినట్టన్నమాట, ఆ తువ్వాళ్లు వేసేది మెదడు సొంత డోపమైన్. ఇది లోపంలా కనిపించినా, దీన్నే ఆసరా చేసుకుని 1998లో లండన్ పరిశోధకులు వీడియో గేమ్ ఆడుతున్నవారిలో రాక్లోప్రైడ్ బైండింగ్ తగ్గడాన్ని చూసి, డోపమైన్ విడుదలైందని చెప్పగలిగారు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో లార్స్ ఫర్దే బృందం మొదలుపెట్టిన పని వల్ల, మనోవ్యాధి మందులు సుమారు 65 శాతం డి2 రిసెప్టర్లను ఆక్రమించాక గుణం కనిపించడం, 80 శాతం దాటితే బిగుసుకుపోవడం, వణుకు లాంటివి మొదలవడం తెలిసింది. మోతాదు నిర్ణయించేవారికి రంగుల పటం కంటే ఈ అంకెలే ఎక్కువ ఉపయోగపడ్డాయని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో నిజంగానే రాక్లోప్రైడ్ అని ఉంది, నేను చూసుకోలేదు. 2022లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన పెద్ద అట్లాస్‌ను వాడితే ఈ ఇబ్బంది తప్పుతుందా? జన్యు పటం సంగతి కూడా దయచేసి చెప్పండి.

జవాబు – మెదడు చిత్రాల విశ్లేషణ చేసేవాడిని

మీరు చెబుతున్నది మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి జస్టిన్ హాన్సెన్, బ్రాటిస్లావ్ మిసిచ్, వారి సహచరులు వెలువరించినది. 1,200 మందికి పైగా ఆరోగ్యవంతుల పెట్ స్కాన్‌లను పోగుచేసి, తొమ్మిది నాడీప్రసారక వ్యవస్థలకు చెందిన 19 రిసెప్టర్లు, ట్రాన్స్‌పోర్టర్ల పటాలను ఒకచోట పెట్టారు. నేను తరచూ వాడతాను, చాలా విలువైనది. అయితే వేర్వేరు కేంద్రాల్లో, వేర్వేరు లైగండ్లతో, వేర్వేరు కొలతల్లో వచ్చిన పటాలు కాబట్టి, ఒక రిసెప్టర్ పటంలోని ముదురు రంగును మరొక రిసెప్టర్ పటంలోని ముదురు రంగుతో పోల్చి "ఇక్కడ దీనికంటే అది ఎక్కువ" అనకూడదు. ఒకే పటంలో ఈ ప్రాంతానికీ ఆ ప్రాంతానికీ ఉన్న తేడాను మాత్రమే చదవాలి. సెరటోనిన్ వరకైతే 2017లో కోపెన్‌హాగన్ బృందం 210 మంది స్కాన్‌లతో చేసిన అట్లాస్ చూడండి. వారు పెట్ విలువలను ఆటోరేడియోగ్రఫీ లెక్కలతో సరిపోల్చి, మిల్లీలీటరుకు ఇన్ని పికోమోల్‌లని అసలు సాంద్రతగా మార్చారు. పై ఇద్దరూ చెప్పిన పద్ధతులు ఒకదాని లోటును మరొకటి పూడ్చింది అక్కడే.

ఇక జన్యు పటం. అలెన్ అట్లాస్ ఆరుగురు దాతల మెదళ్ల మీద ఆధారపడింది, వారిలో ఇద్దరికే రెండు అర్ధగోళాల నుంచీ నమూనాలు తీశారు. అది కొలిచేది ఎంఆర్ఎన్ఏని, అంటే ప్రోటీన్ తయారీకి వెళ్లే ఆదేశాన్ని. సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్‌ను తయారుచేసే కణదేహాలు రాఫేలో ఉంటాయి, తయారైన ప్రోటీన్ మాత్రం పొడవాటి తంతువుల వెంట ప్రయాణించి స్ట్రయేటమ్, థాలమస్, వల్కలం దాకా చేరుతుంది. చేనేత వస్త్రం ఎక్కడ అమ్ముడవుతోందో తెలుసుకోవడానికి మగ్గాలు ఎక్కడున్నాయో చూస్తే ఎలా ఉంటుందో, ఈ విషయంలో జన్యు పటాన్ని నమ్ముకోవడం అలా ఉంటుంది. కొన్ని రిసెప్టర్ల విషయంలో, ఉదాహరణకు 5-హెచ్‌టీ1ఏ అనే సెరటోనిన్ రిసెప్టర్‌కు, రెండు పటాలూ బాగానే కలుస్తాయి. ఏది కలుస్తుందో ఏది కలవదో ఒక్కొక్కదానికి విడిగా చూసుకోవాల్సిందే.

2024లో ఐఐటీ మద్రాసు విడుదల చేసిన ధారణి అట్లాస్ గురించి కూడా సెమినార్లో ఎవరైనా అడగవచ్చు. అది గర్భస్థ శిశువు మెదడులో కణాల అమరికను చూపుతుంది, రిసెప్టర్ పటం కాదు.

ప్రశ్న అడిగినవారు

అయితే డి2కు స్ట్రయేటమ్ అంకెలను రాక్లోప్రైడ్ నుంచి, వల్కలం అంకెలను ఎఫ్ఎల్‌బీ 457 నుంచి తీసుకుని, రెండింటినీ ఒకే రంగు కొలబద్ద మీద వెయ్యకుండా వేర్వేరు స్లయిడ్లలో చూపిస్తాను. ప్రతి బొమ్మ కిందా లైగండ్ పేరు పెద్ద అక్షరాల్లోనే రాస్తాను.