యానాది కాలనీలకు పీహెచ్‌సీ: కమిటీలో మావాళ్ళు కూర్చోవాలా, డాక్టరుంటే చాలా?

స్వర్ణముఖి_ఒడ్డు:
మాది శ్రీకాళహస్తి దగ్గర చెరువు కట్ట కింద యానాది గిరిజనుల కాలనీ. నర్సింగ్ చదివి తిరుపతిలో పనిచేస్తున్నాను. నీలగిరి కొండల్లోని గూడలూరులో 1990 నుంచి ఆదివాసీ ఆసుపత్రి ఉంది. అక్కడి నర్సులు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఎక్కువగా ఆదివాసీ పిల్లలే. అమెరికాలోని అలాస్కాలో సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్ అని మూలవాసులే నడిపే ఆరోగ్య సంస్థ ఉంది. వైద్యానికి వచ్చే మూలవాసుల్ని అక్కడ రోగులు అనరు, యజమానులు అంటారు. మా పీహెచ్‌సీ అభివృద్ధి సంఘంలో మా కాలనీ మనిషి ఒక్కరూ లేరు. ఎందుకు ఉండకూడదు?

పాత_కాంపౌండర్:
అమ్మా, 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. కుర్చీ ఇస్తే జ్వరం తగ్గదు. డాక్టరు ఉండడు, ల్యాబులో మనిషి ఉండడు, రోగం అక్కడుంది. టీబీ మాత్రలు సైకిలు మీద మీ కాలనీలకే మోశాను. ఆరు నెలలు వాడాలని నెత్తీనోరూ కొట్టుకున్నా, దగ్గు తగ్గగానే మానేసి వరికోతలకు పోతారు. దానికి కమిటీ ఏం చేస్తుంది?

రూల్_సార్:
చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం అందుకే ఇక్కడ వర్తించదు. ముందు అది తెలుసుకోండి.

స్వర్ణముఖి_ఒడ్డు:
నేను పెసా అడగలేదు సార్. కాంపౌండర్ గారూ, కోతలకు పోకపోతే మావాళ్ళు ఏం తినాలి? ఎవరు ఏ ఇటుక బట్టీలో ఉన్నారో, ఎవరు ఏ రొయ్యల గుంట కాపలాకు పోయారో మా మేనత్త కూర్చున్న చోటునుంచి చెబుతుంది. మాత్రలు ఆమె చేతికిస్తే చేరతాయి. ఆమెను అడగరు. రిజిస్టర్లో మాత్రం పేరు పక్కన ఎర్ర సిరాతో ‘మనిషి లేడు’ అని రాస్తారు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం మావాళ్ళను లేపినప్పుడూ ఎవరూ అడగలేదు.

మామిడితోట:
మా నాయనకూ ఆసుపత్రిలో మంచం దొరకలేదు. మేం ఏ తెగా కాదు. బీదోడికి యాడైనా ఇంతే.

తలకోన_గాలి:
మాకు దగ్గర్లోని కాలనీలో ఆధార్ లేక ఆరోగ్యశ్రీ అందని ముసలామె ఉంది. కమిటీలో కాలనీ మనిషి ఉంటే ఆ సంగతి కనీసం బయటికొచ్చేది.

పాత_కాంపౌండర్:
న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలకని 2022లో వేరే ఆరోగ్య సంస్థ పెట్టారు. ప్రభుత్వం మారింది, 2024లో తీసేశారు. ఇలాంటివి నిలవవు. ఇంకో మాట. యానాదులు అమాయకులమ్మా. మీటింగుకు పిలిచి కుర్చీ వేసినా కూర్చోరు, గడప దగ్గరే నిలబడతారు. నా కళ్ళతో చూశాను.

స్వర్ణముఖి_ఒడ్డు:
నిలవనిచ్చారా? తీసేసింది పైవాళ్ళు, మావోరీలు కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా మూలవాసులు 2013లో తమ ఆరోగ్య సేవల్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు, ఇప్పటికీ నడుపుకుంటున్నారు.

ఇక అమాయకులన్న మాట. మా అక్కను పురుటి నొప్పులతో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వరండాలో గోనెసంచి మీద పడుకోబెట్టారు. లోపల రెండు మంచాలు ఖాళీ. నర్సు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ‘ఎలుకలు తినేవాళ్ళకు మంచమెందుకు’ అంది. మా అమ్మ ఏమీ అనలేదు. అక్కను లేపి ఆటో ఎక్కించింది. బిడ్డ దారిలో పుట్టాడు, దక్కలేదు. ఆ తర్వాత మా అమ్మ ఏ ఆఫీసులోనూ గడప దాటలేదు. అది అమాయకత్వం కాదు సార్.

రూల్_సార్:
గిరిజన, కొండ ప్రాంతాల్లో పీహెచ్‌సీకి జనాభా ప్రమాణం 20,000. మైదానంలో 30,000. మీది మైదానం లెక్కలోకే వస్తుంది.

తలకోన_గాలి:
సార్, ఆమె బిడ్డ పోయిన సంగతి చెబుతోంది. లెక్క తర్వాత చూద్దాం.

పాత_కాంపౌండర్:
రాత్రి నిద్ర పట్టలేదు. అలాంటి మాటలు నా పక్క గదిలోనూ వినపడ్డాయి. నేను తల దించుకుని మందుల చిట్టీలు రాసుకున్నాను. తప్పే. కానీ మొత్తం స్టాఫ్‌ను దోషుల్ని చేస్తే ఒప్పుకోను. నెలల తరబడి జీతం రాకపోయినా సైకిలు తొక్కినవాణ్ణి. రేపు కమిటీలో చదువురాని మనిషి కూర్చుని ఏ మందు ఇవ్వాలో నాకు చెబుతాడా?

స్వర్ణముఖి_ఒడ్డు:
మందు మీరే చెప్పండి. నేనూ నర్సునే, ఆ మాట ఎన్నడూ అనను. ఏ రోజు ఏ కట్టకు రావాలో, నర్సు ఎలా మాట్లాడిందో మేం చెబుతాం. ఆ మాట అన్న మనిషిని అక్కడినుంచి మార్చమని అడిగే హక్కు కావాలి. కుర్చీ దానికే.

పాత_కాంపౌండర్:
వినడానికి మనిషిని పెట్టండి, మార్చే అధికారం వద్దు. మేనత్తకు మాత్రలివ్వడానికి నేను సరేనంటాను, స్టాఫ్ బదిలీకి కాదు. అది మొదలైతే పల్లెల్లో ఉద్యోగానికి ఒక్కరూ రారు.

స్వర్ణముఖి_ఒడ్డు:
ఇప్పుడు మాత్రం వస్తున్నారా సార్?