లీనియర్‌లో స్ప్లాటర్: ఫిల్టరు మార్చినా తగ్గడం లేదు

చిన్నతీగ:

నమస్కారం. నా హ్యామ్ రేడియో శక్తి పెంచడానికి రెండు ఐఆర్ఎఫ్510 మాస్‌ఫెట్‌లతో (ఒక రకం ట్రాన్సిస్టర్లు) పుష్-పుల్ లీనియర్ (తరంగంలో చెరో సగాన్ని పెంచే యాంప్లిఫయర్) కట్టాను. సరఫరా 13.8 వోల్టులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి 1:2, ఐడిల్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడు పారేది) ఒక్కో మాస్‌ఫెట్‌కు 40 మిల్లీయాంపియర్లు. ముందున్న ట్రాన్సీవర్ (పంపే, అందుకునే రేడియో) 5 వాట్లు ఇస్తుంది. 40 మీటర్ల బ్యాండ్‌లో మాట్లాడుతుంటే పీక్ మీటరు 25 వాట్ల దాకా వెళ్తోంది. నాతో మాట్లాడేవాళ్లు గొంతు బాగానే ఉందంటున్నారు. నాలుగైదు కిలోహెర్ట్జ్ అవతల ఉన్నవాళ్లు మాత్రం నా మాట చిటపటలుగా (అదే స్ప్లాటర్) తమ మీద పడుతోందని ఫిర్యాదు చేస్తున్నారు. పై ఫ్రీక్వెన్సీలను ఆపే ఐదు అంశాల లోపాస్ ఫిల్టరు తీసి ఏడు అంశాలది పెట్టాను. 14 మెగాహెర్ట్జ్ దగ్గర హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ మీద వచ్చే నకలు) బాగా తగ్గింది, ఫిర్యాదు తగ్గలేదు. మాస్‌ఫెట్‌లు మార్చి ఖరీదైనవి వేయాలా?

పాత వాల్వు:

మాస్‌ఫెట్‌లను వదిలేయండి. ఫిల్టరు జోలికీ ఇక వెళ్లకండి, అది దాని పని అది చేస్తోంది. ఊరి పొలిమేరలో కావలి కాసేవాడు పక్కింటి గోడ దూకేవాణ్ని పట్టుకోలేడు. మీ దొంగ గోడ దూకే రకం.

7150 కిలోహెర్ట్జ్ మీద ఎల్‌ఎస్‌బీలో (మాటను ఆ ఫ్రీక్వెన్సీకి కిందివైపు మాత్రమే పంపే పద్ధతి) 700, 1900 హెర్ట్జ్ స్వరాలు రెండింటిని ఒకేసారి పంపారనుకోండి. గాలిలో 7149.3, 7148.1 దగ్గర రెండు గీతలే ఉండాలి. యాంప్లిఫయర్ వంకరగా ఉంటే, అంటే సిగ్నల్ రూపం చెడగొడితే, 7150.5, 7146.9 దగ్గర మూడో క్రమం ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు స్వరాలు కలిసి పుట్టించే కొత్త గీతలు), 7151.7, 7145.7 దగ్గర ఐదో క్రమం పుట్టుకొస్తాయి. ఇవన్నీ బ్యాండ్ లోపలే. ఏ లోపాస్ ఫిల్టరుకూ ఇవి కనబడవు. మాటలో స్వరాలు రెండు కాదు, ఎన్నో. అందుకే అవతలివాళ్లకు గీతలుగా కాక చిటపటలుగా వినబడుతుంది.

ఇప్పుడు ఆ 25 వాట్ల సంగతి. 1:2 ట్రాన్స్‌ఫార్మర్ 50 ఓంలను డ్రెయిన్ల (మాస్‌ఫెట్‌ల అవుట్‌పుట్ కాళ్ల) మధ్య 12.5 ఓంలుగా చూపిస్తుంది. మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకున్నా సుమారు 2 వోల్టులు దాని దగ్గరే మిగిలిపోతాయి కాబట్టి ఊగడానికి మీకున్నది 11.8 వోల్టులు. దాని వర్గాన్ని రెండింతలు చేసి 12.5తో భాగిస్తే 22 వాట్లు. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌తో, ఈ వోల్టేజీతో శిఖరం చదును కాకుండా వచ్చే గరిష్ఠం అంతే. మాట పీక్‌లో సరఫరా 13కు జారితే 19కి పడిపోతుంది. మీరు 25 తీస్తున్నారంటే తరంగం తల కోసి తీస్తున్నారు. మీటరుకు తల ఉన్నదీ లేనిదీ తెలియదు.

12 వాట్లకు దించండి. 25 నుంచి 12కి అంటే సుమారు 3 డీబీ, వినేవాడికి అర ఎస్-యూనిట్ (రిసీవర్ మీటరులో ఒక మెట్టులో సగం). ఆ తేడా ఎవరూ గమనించరు. అయితే డ్రైవ్‌ను (లీనియర్‌లోకి వెళ్లే శక్తిని) మైకు గెయిన్‌తోనో ఏఎల్‌సీతోనో (శక్తి హద్దు మీరితే తనంతట తానే తగ్గించే సర్క్యూట్) తగ్గించకండి. చాలా ట్రాన్సీవర్లలో మొదటి అక్షరం పలికినప్పుడు ఏఎల్‌సీ మేలుకునేలోపే పూర్తి శక్తి దూసుకెళ్తుంది. ట్రాన్సీవర్‌ను రెండు మూడు వాట్ల దగ్గర పెట్టి, దానికీ లీనియర్‌కూ మధ్య 6 డీబీ రెసిస్టర్ ప్యాడ్ (శక్తిని నాలుగో వంతుకు తగ్గించే అటెన్యుయేటర్) వేయండి. గేట్ల కెపాసిటెన్స్ ట్రాన్సీవర్‌ను నేరుగా తగలకుండా ఇది అడ్డుపడుతుంది కూడా. నన్నడిగితే ఇలాంటి యంత్రాల్లో అత్యంత చవకైన, అత్యంత తక్కువగా వాడే విడిభాగం ఈ ప్యాడే.

నెమలికన్ను:

పైన చెప్పినదానికి కొంచెం చేర్పు. ఐడిల్ 40 మిల్లీయాంపియర్లు మరీ తక్కువ. తరంగం సున్నా దాటే చోట ఒక మాస్‌ఫెట్ మూసుకుపోయి రెండోది ఇంకా తెరుచుకోని ఖాళీ ఏర్పడుతుంది. దీనివల్ల వచ్చే వంకర, డ్రైవ్ తగ్గించినా పోదు. తక్కువ శక్తి దగ్గరే ఎక్కువగా బయటపడుతుంది. 100 నుంచి 200 మధ్య పెట్టి చూడండి. ఈ మాస్‌ఫెట్ గేటు థ్రెషోల్డ్ (అది తెరుచుకోవడం మొదలయ్యే వోల్టేజీ) 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి రెండింటికీ వేర్వేరు బయాస్ (ఐడిల్‌ను నిర్ణయించే గేటు వోల్టేజీ) పొటెన్షియోమీటర్లు తప్పవు. వేడెక్కేకొద్దీ ఐడిల్ పెరుగుతుంది. బయాస్ సర్క్యూట్‌లోని డయోడ్‌ను హీట్‌సింక్‌కు ఆనించి బిగించండి, గాలిలో వేలాడదీస్తే లాభం లేదు.

ఆకాశదీపం:

ఇంత తంటా ఎందుకు? ఎస్‌డీఆర్ ట్రాన్సీవర్ (సిగ్నల్ పని సాఫ్ట్‌వేర్‌తో చేసే రేడియో) ఉంటే ప్రీ-డిస్టార్షన్ వాడండి. లీనియర్ అవుట్‌పుట్ నుంచి కప్లర్‌తో చిన్న నమూనా వెనక్కి తీసుకుని, వంకర ఎంతో లెక్కకట్టి, దానికి ఎదురు వంకరను ముందే సిగ్నల్‌లో కలుపుతుంది. ప్యూర్‌సిగ్నల్ అనే సాఫ్ట్‌వేర్ సదుపాయం చేసేది ఇదే. అద్భుతంగా పనిచేస్తుంది.

పాత వాల్వు:

పనిచేస్తుంది, కాదనను. కానీ కోసేసిన తలను ఏ లెక్కా మళ్లీ మొలిపించలేదు. లీనియర్‌కు పైన ఇంకా కొంత ఖాళీ ఉంటేనే ఎదురు వంకరకు చోటు దొరుకుతుంది. 22 వాట్ల యంత్రాన్ని 25కి తోలేవాళ్లకు ప్యూర్‌సిగ్నల్ కూడా చేతులెత్తేస్తుంది. పైగా అడిగినాయన దగ్గర ఎస్‌డీఆర్ ఉందో లేదో అడిగారా?

చిన్నతీగ:

ట్రాన్సీవర్ మామూలుదే. యూఎస్‌బీ ఎస్‌డీఆర్ రిసీవర్ డాంగిల్ మాత్రం ఉంది. ప్యాడ్ వేసి, ఐడిల్ 150కి పెంచి, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు శక్తిని మింగే రెసిస్టర్) మీద రెండు స్వరాలు పంపి చూశాను. 25 వాట్ల దగ్గర మూడో క్రమం మైనస్ 19 డీబీ ఉండేది, 12 వాట్లకు వచ్చేసరికి మైనస్ 30. ఇంకా డ్రైవ్ తగ్గించినా 31 దాటడం లేదు. ఐడిల్ 200 చేసినా అంతే.

పాత వాల్వు:

రెండు ప్రశ్నలు. ఆ డీబీలు దేనికంటే తక్కువ? ఒక్కో స్వరానికా, పీక్ శక్తికా? రెండింటికీ 6 డీబీ తేడా. స్వరంతో పోలిస్తే మైనస్ 30 అన్నది పీక్‌తో పోలిస్తే మైనస్ 36. పత్రికల్లోని అంకెలతో పోల్చుకునేటప్పుడు చాలామంది ఇక్కడే పోట్లాడుకుంటారు. రెండోది, డాంగిల్ కూడా ఒక యాంప్లిఫయరే, దానికీ వంకర ఉంటుంది. దాని ముందు మరో 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి. గీతలన్నీ సమానంగా 10 దిగితే మీ కొలత నిజం. మూడో క్రమం అంతకంటే ఎక్కువ దిగితే మీరు కొలుస్తున్నది డాంగిల్‌నే.

చిన్నతీగ:

స్వరంతో పోల్చినవే. అటెన్యుయేటర్ పెడితే అన్నీ సమానంగా దిగాయి. లీనియర్‌ను పక్కకు తీసి, ట్రాన్సీవర్‌ను ఒక్కదాన్నే డమ్మీ లోడ్‌కు కలిపి చూస్తే అదీ మైనస్ 32 చూపిస్తోంది!

పాత వాల్వు:

అయితే లీనియర్‌లో ఇక చేయాల్సింది పెద్దగా లేదు. ట్రాన్సీవర్ మూత విప్పి, దాని ఫైనల్ (చివరి యాంప్లిఫయర్ దశ), డ్రైవర్ (దానికి ముందు దశ) ఐడిల్ కరెంట్లు ఎంతున్నాయో ఇక్కడ రాయండి.