థాయ్ హోటల్ సత్తా తేల్చే నూడుల్స్ ఏవి?

కొత్తమొహం: కొద్ది టేబుళ్లే ఉన్న చిన్న థాయ్ హోటల్‌కి నలుగురం వెళ్తున్నాం. నూడుల్సే తినాలని ప్లాన్. ఏది తింటే వంటవాడి పనితనం తెలుస్తుంది?

సూటిమాట: ప్యాడ్ థాయ్. ఇంకో మాట లేదు. చింతపండు పులుపు, తాటిబెల్లం తీపి, ఫిష్ సాస్ ఉప్పు, మూడూ నాలుక్కి తెలియాలి, ఏ ఒక్కటీ పైచేయి కాకూడదు. నూడుల్స్ విడివిడిగా ఉండాలి. ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చిందంటే కెచప్ పోశారేమోనని నాకు అనుమానం.

నిప్పుసెగ: ఒప్పుకోను. ఆ సాస్ ముందే కలిపి పెట్టుకుంటారు, గరిటెడు పోస్తే ఎవరు చేసినా అదే రుచి. ప్యాడ్ సీ యూ అడగండి. వెడల్పాటి బియ్యం నూడుల్స్, నల్ల సోయా సాస్, గుడ్డు, ఖనా ఆకుకూర, అంతే. బాణలి బాగా కాగితేనే నూడుల్స్ అంచులు అక్కడక్కడా మాడి పొగ వాసన పడుతుంది. సెగ చాలకపోయినా, తొందరపడి నాలుగు ప్లేట్లవి ఒకేసారి వేసినా నూడుల్స్ ముక్కలై ముద్దయిపోతాయి.

సూటిమాట: సాస్ ముందే కలుపుకోవడం నేరమా? ఆ కలపడంలోనే ఉంది పనితనమంతా.

నిప్పుసెగ: నేరమని ఎవరన్నారు? అసలు ప్యాడ్ థాయ్‌కి అంత పేరు రావడానికి 1938లో ప్రధాని అయిన ఫిబున్ హయాంలో ప్రభుత్వం చేసిన ప్రచారమే ముఖ్య కారణం.

సూటిమాట: ప్రచారం ఎవరు చేస్తే నాకేం? నేను తినేది ప్లేటులో ఉన్నది.

రాత్రిపక్షి: టేబుల్ మీద పంచదార, ఎండుకారం, మిర్చి వేసిన వెనిగర్, ఫిష్ సాస్ పెడతారు కదా. రుచి చూసి, కావలసింది కలుపుకుని తినండి. దీనికింత గొడవా?

సూటిమాట: అది వంటవాడిని అవమానించడం.

రాత్రిపక్షి: థాయ్‌లాండ్‌లోనే అందరూ కలుపుకుంటారండీ!

సూటిమాట: కలుపుకోనివ్వండి. ఒకచోట తీపి ఎక్కువైందని మర్యాదగా చెబితే, ‘మా దగ్గర ఇంతే’ అని బిల్లు చేతిలో పెట్టారు. డబ్బిచ్చి పంచదార పాకం తినాలా?

నిప్పుసెగ: కలుపుకుంటే అవమానమనేదీ మీరే, తీపి తగ్గించలేదని అలిగేదీ మీరే. ఏదో ఒకదాని మీద నిలబడండి సార్.

సూటిమాట: వెటకారం వద్దు. నా ప్లేటు వంటింట్లోనే పూర్తై రావాలి. రుచి సరిచేసుకునే పని నామీద తోసేస్తే వంటవాడెందుకు?

నిప్పుసెగ: అదీ సంగతి! ఇంతసేపూ కొట్టుకున్నది ప్యాడ్ థాయ్ గురించి కాదన్నమాట. అక్కడ వంట పూర్తయ్యేది టేబుల్ దగ్గరే. మీ ప్యాడ్ థాయ్ పక్కన నిమ్మబద్ద, పల్లీల పొడి, పచ్చి మొలకలు ఎందుకొస్తాయి మరి? అలంకారానికా?

సూటిమాట: సగం వంట నాదైతే, పనితనం ఎవరిదని తేలుస్తారు? పరీక్ష అన్నది మీరే కదా.

నిప్పుసెగ: అందుకే ప్యాడ్ సీ యూ అన్నది. పులుపూ కారమూ కలుపుకోగలరు, బాణలి సెగను కలుపుకోలేరు.

సూటిమాట: మాడిన వాసనకి మార్కులు వేసేవాళ్లతో నేను వాదించను.

కొత్తమొహం: మాలో ఒకామె శాకాహారి. ఈ రెంటిలో ఏది తినొచ్చు?

రాత్రిపక్షి: అడక్కుండా ఏదీ వద్దు. ప్యాడ్ థాయ్‌లో ఫిష్ సాస్‌తో పాటు ఎండురొయ్యలూ వేస్తుంటారు. ప్యాడ్ సీ యూలో చాలామంది ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పలతో చేసే సాస్, వేస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే రెండు సాసుల పేర్లూ చెప్పి వద్దనమనండి. ‘వెజ్’ అంటే మాంసం తీసేసి సాస్ అలాగే ఉంచేస్తారు.

సూటిమాట: ప్యాడ్ థాయ్ ఫొటో పెట్టండి. రంగు చూసి చెబుతా.